గిట్టుబాటు కాకపోతే గేమ్ రాదు: వీటా నుంచి స్విచ్ 2 దాకా

2011 డిసెంబరు 10, శనివారం. జపాన్‌లో నింటెండో పోర్టబుల్ కన్సోల్ 3డీఎస్ కోసం ‘మాన్‌స్టర్ హంటర్ ట్రై జీ’ గేమ్ విడుదలైంది. అదే రోజు దాని పక్కనే ఇంకో వస్తువు కూడా షాపుల్లోకి వచ్చింది. 1,500 యెన్‌ల ప్లాస్టిక్ తొడుగు అది. 3డీఎస్‌ను అందులో కూర్చోబెడితే కుడిచేతి బొటనవేలికి ఇంకో స్లైడ్ ప్యాడ్, అంటే వేలితో జరిపే గుండ్రటి మీట, దొరుకుతుంది. లోపల ఒక ట్రిపుల్ ఏ బ్యాటరీ వేయాలి. కన్సోల్‌తో తీగ లేకుండా ఇన్‌ఫ్రారెడ్‌తో పనిచేస్తుంది. జేబులో పట్టే కన్సోల్ ఇది తొడిగాక జేబులో పట్టదు. మాన్‌స్టర్ హంటర్‌లో పరిగెడుతూనే కెమెరా కూడా తిప్పుకోవాలి. 3డీఎస్‌కు ఉన్నది ఒక్కటే స్లైడ్ ప్యాడ్ కాబట్టి ఈ అతుకు.

సరిగ్గా వారానికి, డిసెంబరు 17న, సోనీ ప్లేస్టేషన్ వీటా వచ్చింది. రెండు బొటనవేళ్లకు రెండు స్టిక్కులు. అయిదు అంగుళాల ఓఎల్ఈడీ తెర. నాలుగు కోర్ల ప్రాసెసర్. అంతకు ముందు సోనీ పాత పోర్టబుల్ పీఎస్‌పీలో మాన్‌స్టర్ హంటర్ ఆడినవాళ్లు ఎడమ బొటనవేలితో మనిషిని నడుపుతూ, చూపుడు వేలిని కొక్కెంలా వంచి బాణం బటన్లతో కెమెరా తిప్పేవాళ్లు. వేళ్లు నొప్పి పుట్టే ఆ విద్యకు వీటా చక్కటి మందు. చూసినవాళ్లెవరైనా ఈ గేమ్ కోసమే ఈ యంత్రం పుట్టిందంటారు.

కానీ మాన్‌స్టర్ హంటర్ వరుసలోని ప్రధాన గేమ్ ఒక్కటి కూడా వీటాకు రాలేదు. 2014లో ‘ఫ్రాంటియర్’ అనే ఆన్‌లైన్ శాఖ మాత్రం జపాన్‌లో వచ్చింది. అంతే. అనువైన యంత్రం పక్కనే ఉండగా, మాన్‌స్టర్ హంటర్ తీసే క్యాప్‌కామ్ తన పెద్ద గేమ్‌ను అతుకు వేసుకున్న యంత్రానికి ఎందుకిచ్చింది? కొత్త పోర్టబుల్ కన్సోల్ వచ్చిన ప్రతిసారీ ‘థర్డ్ పార్టీ సపోర్ట్ ఉందా, లేదా’ అని జరిగే వాదనంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. నాకు వీటా అంటే ప్రాణం. అందుకే ఈ ప్రశ్నను ఇన్నేళ్లుగా వదల్లేకపోతున్నాను.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. కన్సోల్ తయారుచేసే కంపెనీ తన స్టూడియోల్లో తీసే గేములు ఫస్ట్ పార్టీ. బయటి కంపెనీలు తమ డబ్బు పెట్టి తీసేవి థర్డ్ పార్టీ. క్యాప్‌కామ్, యూబీసాఫ్ట్, యాక్టివిజన్, స్క్వేర్ ఎనిక్స్ లాంటివన్నీ ఈ రెండో వర్గం. ఆ బయటి కంపెనీ అమ్మే ప్రతి కాపీ మీదా కన్సోల్ కంపెనీకి వాటా వెళుతుంది. డిజిటల్ కొనుగోళ్లలో అది సాధారణంగా 30 శాతం. షాపులో అమ్మే గేమ్ కార్డు అయితే ఆ కార్డును కన్సోల్ కంపెనీ దగ్గరే తయారు చేయించుకోవాలి. ఎన్ని కార్డులు కావాలో ముందే చెప్పి డబ్బు కట్టాలి. అవి అమ్ముడుపోకపోతే ఆ బరువు గేమ్‌ను అమ్మే కంపెనీ, అంటే పబ్లిషర్‌దే.

ఇక పోర్ట్ చేయడం, అంటే ఇంకో యంత్రం మీద ఉన్న గేమ్‌ను ఈ యంత్రానికి తేవడం. కాపీ చేసి అతికించినంత తేలిక కాదు. మెమరీ తక్కువ కాబట్టి బొమ్మలన్నీ మళ్లీ కుదించాలి. చిన్న తెర మీద అక్షరాలు కనపడవు కాబట్టి మెనూలు మళ్లీ గీయాలి. అదయ్యాక కన్సోల్ కంపెనీ పెట్టే పరీక్ష ఉంటుంది. సేవ్ అవుతుండగా కార్డు లాగేస్తే ఏమవుతుంది? ఫైటింగ్ మధ్యలో నిద్రపుచ్చి రెండు రోజుల తర్వాత తెరిస్తే ఏమవుతుంది? నెట్ ఉన్నట్టుండి పోతే? ఇలాంటివన్నీ పాస్ అయితేనే విడుదల. ఈ పని చేసేవాళ్లకు నెలల తరబడి జీతాలివ్వాలి.

ఊహకు ఒక లెక్క వేద్దాం, ఇవి నిజం అంకెలు కావు. పోర్ట్‌కు 10 కోట్ల రూపాయలు అయిందనుకోండి. వాటాలన్నీ పోను కాపీకి 500 మిగులుతుందనుకోండి. పెట్టుబడి వెనక్కి రావాలంటేనే 2 లక్షల కాపీలు అమ్మాలి. కన్సోల్ ఉన్న ప్రతి 20 మందిలో ఒకరు కొన్నా అది మంచి అమ్మకమే. ఆ లెక్కన బయట కనీసం 40 లక్షల కన్సోళ్లు ఉండాలి. అప్పటికీ లాభం సున్నా. పబ్లిషర్ ఆఫీసులో ఎవరికీ యంత్రం మీద ప్రేమా ఉండదు, పగా ఉండదు. ఇది గిట్టుబాటవుతుందా, కాదా అన్నదొక్కటే వాళ్ల ప్రశ్న.

చిక్కల్లా ఇక్కడే. గేములు లేనిదే జనం కన్సోల్ కొనరు. జనం కొననిదే గేములు రావు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు. ఎవరో ఒకరు ముందు నష్టపోవడానికి సిద్ధపడితేనే ఈ ముడి విడుతుంది. ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడిందో చూస్తే వీటా కథ ఇట్టే అర్థమవుతుంది.

2011 జనవరి 27న టోక్యోలో సోనీ వీటాను మొదటిసారి చూపించినప్పుడు వేదిక మీద పెద్ద పేర్లన్నీ ఉన్నాయి. అప్పుడు దాని పేరు ఎన్‌జీపీ. పేరున్న గేమ్ దర్శకుడు కొజిమా హిదెయో తన ‘మెటల్ గేర్ సాలిడ్ 4’ దృశ్యాన్ని దాని మీద ఆడించి చూపాడు. క్యాప్‌కామ్ ‘లాస్ట్ ప్లానెట్ 2’ను చూపింది. సెగా ‘యాకుజా 4’ దృశ్యాన్ని తెచ్చింది. ఎపిక్ కంపెనీ తరఫున టిమ్ స్వీనీ తమ అన్‌రియల్ ఇంజిన్, అంటే గేములకు పునాదిగా వాడే సాఫ్ట్‌వేర్, దాని మీద నడుస్తుందని చెప్పాడు. యాక్టివిజన్ కాల్ ఆఫ్ డ్యూటీ తెస్తామంది. అది చూసి నాలాంటివాళ్లం ఇక తిరుగులేదనుకున్నాం.

వెనక్కి తిరిగి చూస్తే ఆ రోజు చూపించినవాటిలో చాలావరకు గేములు కావు, ఇంజిన్ పరీక్షలు. మెటల్ గేర్ సాలిడ్ 4 వీటాకు రాలేదు. లాస్ట్ ప్లానెట్ 2 రాలేదు. ‘మా ఇంజిన్ దీని మీద నడుస్తుంది’ అనడానికీ ‘మా డబ్బు దీని మీద పెడతాం’ అనడానికీ మధ్య చాలా దూరం ఉంది. చప్పట్ల హోరులో ఆ దూరం మాకెవరికీ కనపడలేదు. అదే ఏడాది జూన్‌లో ఈ3 అనే గేముల ప్రదర్శన వేదిక మీద బయోషాక్ గేమ్ సృష్టికర్త కెన్ లెవిన్ వీటాకూ ఒక బయోషాక్ చేస్తామన్నాడు. అదీ రాలేదు.

అలాగని మొదటి రోజు గేములు లేకపోలేదు. జపాన్‌లో విడుదల నాటికి పాతిక వరకు ఉన్నాయి. ఏ కన్సోల్‌కైనా అది నిండు విస్తరే. మొదటి రెండు రోజుల్లో 3.2 లక్షలకు పైగా యంత్రాలు అమ్ముడయ్యాయి. రెండో వారం ఆ అంకె 72 వేలకు పడిపోయింది. పైగా అది క్రిస్మస్ వారం. పబ్లిషర్లు చూసింది ఈ రెండో అంకెనే.

మళ్లీ మాన్‌స్టర్ హంటర్ దగ్గరికి వెళదాం. పీఎస్‌పీని జపాన్‌లో నిలబెట్టింది ఆ గేమే. నలుగురు మిత్రులు ఒక టేబుల్ చుట్టూ కూర్చుని, నలుగురి చేతుల్లో నాలుగు పీఎస్‌పీలతో ఒకే రాక్షసుణ్ని వేటాడటం అక్కడ హైస్కూలు పిల్లల నుంచి ఆఫీసు ఉద్యోగుల దాకా అలవాటైంది. 2010 డిసెంబరులో వచ్చిన ‘పోర్టబుల్ థర్డ్’ ఒక్క జపాన్‌లోనే 40 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఈ గేమ్ స్వభావం వల్ల, ఒకరు కొంటే చాలదు, పక్కవాడి దగ్గరా అదే యంత్రం ఉండాలి. అంటే ఈ గేమ్ ఎటు వెళితే స్నేహితుల గుంపులు గుంపులే అటు వెళతాయి. 2011 సెప్టెంబరు 13న నింటెండో సభలో ‘మాన్‌స్టర్ హంటర్ 4’ 3డీఎస్‌కు వస్తుందని ప్రకటించారు. వీటా విడుదలకు ఇంకా మూడు నెలలుంది. నా లెక్కలో వీటా జపాన్ కథ ఆ రోజే సగం ముగిసిపోయింది.

ఆ గేమ్‌ను రప్పించుకోవడానికి నింటెండో ఏం చేసిందో చూడండి. 3డీఎస్ కూడా మొదట్లో బాగా అమ్ముడుపోలేదు. 2011 ఫిబ్రవరిలో 25,000 యెన్‌లకు వచ్చిన కన్సోల్ ధరను ఆగస్టులో ఒక్కసారిగా 15,000కు దించేశారు. అమెరికాలో 250 డాలర్ల నుంచి 170కి. ఆరు నెలలు కూడా నిండలేదు. అధ్యక్షుడు ఇవాతా సతోరు తన జీతంలో సగం కోసుకున్నాడు. ముందే పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లకు పాత గేములు 20 ఉచితంగా ఇచ్చారు. ఆ ఆర్థిక సంవత్సరంలో నింటెండో నష్టం 4,300 కోట్ల యెన్‌లు దాటింది. ముడి విప్పే ఖర్చును కంపెనీ తన నెత్తిన వేసుకుంది. ధర తగ్గాక ‘సూపర్ మారియో 3డీ ల్యాండ్’, ‘మారియో కార్ట్ 7’ వెంట వెంటనే వచ్చాయి. జనం కొన్నారు. బయటి కంపెనీలకు లెక్క తేలింది.

సోనీ కూడా జపాన్‌లో వీటా ధరను 24,980 నుంచి 19,980 యెన్‌లకు తగ్గించింది, కానీ 2013 ఫిబ్రవరి చివర్లో. అప్పటికి పద్నాలుగు నెలలు గడిచిపోయాయి. ఆ పద్నాలుగు నెలల్లోనే తర్వాతి రెండు మూడేళ్ల గేములకు బడ్జెట్లు ఖరారయ్యాయి. ఒక గేమ్ తీయడానికి రెండేళ్లు పడుతుంది కాబట్టి, ఇవాళ అమ్మకాలు పడిపోతే దాని దెబ్బ రెండేళ్ల తర్వాత ఖాళీ షెల్ఫులో కనిపిస్తుంది. ఆ ఖాళీని చూసి కొనేవాళ్లు ఇంకా తగ్గుతారు.

ఇక మెమరీ కార్డు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. వీటాలో మామూలు ఎస్‌డీ కార్డు పట్టదు. చిటికెన వేలి గోరుకు కాస్త పెద్దదిగా ఉండే సోనీ సొంత కార్డే వేయాలి. అమెరికాలో మొదట్లో 4 జీబీకి 20 డాలర్లు, 16 జీబీకి 60, 32 జీబీకి 100. కన్సోల్ 250. లోపల గేములు దాచుకునే చోటు లేదు, కాబట్టి కార్డు కొనక తప్పదు. 4 జీబీ కార్డు కొన్నవాళ్లు ‘పర్సోనా 4 గోల్డెన్’ డౌన్‌లోడ్ చేస్తే అందులో ఇంకో పెద్ద గేమ్‌కు చోటుండదు. ఒకటి ఆడాలంటే ఇంకోటి తీసేయాలి.

సోనీ ఇలా చేయడానికి పైరసీ భయం ఒక కారణం. పీఎస్‌పీ ఏడున్నర కోట్లకు పైగా అమ్ముడుపోయినా, దాని సాఫ్ట్‌వేర్‌ను ఛేదించి గేములు ఉచితంగా ఎక్కించుకోవడం ఊరంతా తెలిసిన విద్య అయిపోయింది. పాశ్చాత్య పబ్లిషర్లు పీఎస్‌పీని వదిలేసిన కారణాల్లో అదొకటి. ఈసారి వాళ్లకు భరోసా ఇవ్వాలన్న ఆలోచన తప్పు కాదు. కానీ ఆ భరోసా ఖర్చంతా కొనేవాడి మీద పడింది. కార్డుకు 60 డాలర్లు పెట్టినవాడి దగ్గర గేముకు పెట్టే డబ్బు అంత తగ్గుతుంది. డిజిటల్ గేములు కొందామన్నా చోటు ఉండదు. డెవలపర్ల మేలు కోరి పెట్టిన కంచె డెవలపర్ల పంటనే కప్పేసింది.

అమెరికా, యూరప్‌లలో ఇంకో దెబ్బ తగిలింది. వీటా అక్కడ 2012 ఫిబ్రవరిలో వచ్చింది. అదే నెలలో జపాన్‌లో ఐఫోన్ కోసం ‘పజిల్ అండ్ డ్రాగన్స్’ అనే ఉచిత గేమ్ వచ్చి కోట్లు కురిపించింది. 40 డాలర్ల గేమ్ తీసి కొద్ది లక్షల మందికి అమ్మడమా, ఉచితంగా ఇచ్చి కోట్ల ఫోన్ల మీద చిల్లర ఏరుకోవడమా? చాలా కంపెనీలు రెండో దారి పట్టాయి. ఫోన్ గేములవాళ్లెవరూ ఇంజినీర్లను మోసం చేసి లాక్కోలేదు. లెక్క అటువైపు మొగ్గింది, అంతే.

వచ్చిన పెద్ద పేర్లు కూడా మనసు పెట్టి వచ్చినవి కావు. యాక్టివిజన్ మాట నిలబెట్టుకుని 2012 నవంబరులో ‘కాల్ ఆఫ్ డ్యూటీ: బ్లాక్ ఆప్స్ డీక్లాసిఫైడ్’ తెచ్చింది. అసలు సిరీస్ తీసే స్టూడియోకు కాకుండా నిహిలిస్టిక్ అనే బయటి స్టూడియోకు అప్పగించింది. సమీక్షల మార్కులను కలిపి చూపే మెటాక్రిటిక్‌లో దానికి వందకు 33 వచ్చాయి. అది విడుదల కాకముందే, అక్టోబరులో, ఆ స్టూడియో పేరు మార్చుకుని డౌన్‌లోడ్ గేములు, మొబైల్ వైపు వెళుతున్నామని ప్రకటించేసింది. మంచి గేమ్ ఇస్తే అమ్ముడుపోదేమోనని అరకొర గేమ్ ఇవ్వడం, అది అమ్ముడుపోలేదని ‘ఈ యంత్రం మీద మా గేములకు గిరాకీ లేదు’ అనుకోవడం. చాలా కన్సోళ్ల మీద బయటి కంపెనీలు ఇదే తప్పు చేశాయి. యూబీసాఫ్ట్ సోఫియా స్టూడియో తీసిన ‘అసాసిన్స్ క్రీడ్ 3: లిబరేషన్’ మాత్రం శ్రద్ధగా తీసిన గేమ్. దాన్ని కూడా 2014లో పెద్ద కన్సోళ్లకు తీసుకెళ్లిపోయారు.

మరి ఎవరు మిగిలారు? ఈ లెక్క ఎవరికి కుదిరిందో వాళ్లు. అట్లస్ అనే జపాన్ కంపెనీ తన పాత ప్లేస్టేషన్ 2 గేమ్‌కు మెరుగులు దిద్ది ‘పర్సోనా 4 గోల్డెన్’ ఇచ్చింది. ‘డాంగన్‌రోన్పా’ లాంటి బొమ్మల కథలు వచ్చాయి. వీటికి సినిమా అంత బడ్జెట్ అక్కర్లేదు, లక్షో రెండు లక్షలో అమ్ముడైతే చాలు. సోనీ యూరప్‌లో షాహిద్ అహ్మద్ ఇద్దరు ముగ్గురు మనుషుల చిన్న స్టూడియోల వెంటపడి మరీ ‘హాట్‌లైన్ మయామీ’, ‘స్పెలంకీ’ లాంటివాటిని రప్పించాడు. పీసీ మీద అప్పటికే పెట్టుబడి తిరిగొచ్చిన గేములవి, పోర్ట్ ఖర్చు కొద్ది. అందుకే వీటా చిన్న గేములకు స్వర్గమైంది. 2015లో జపాన్ షాపుల్లోకి వచ్చిన ‘మైన్‌క్రాఫ్ట్’ వీటా వెర్షన్ అక్కడ పది లక్షల కాపీలు దాటింది. జనానికి కావలసిన గేమ్ ఇస్తే ఆ యంత్రం కొనేవాళ్లు లేకపోలేదని అదే సాక్ష్యం. 2013 చివర టీవీకి తగిలించే పీఎస్4 వచ్చాక సోనీ సొంత స్టూడియోలే అటు మళ్లాయి. యజమానే దుకాణం సర్దేస్తుంటే అద్దెకున్నవాళ్లు ఎందుకుంటారు? 2019 మార్చిలో జపాన్‌లో వీటా తయారీ ఆగిపోయింది. 3డీఎస్ ఏడున్నర కోట్లు దాటి అమ్ముడుపోయింది.

2017 మార్చి 3న వచ్చిన నింటెండో స్విచ్ ఈ ముడిని ఇంకో వైపు నుంచి విప్పింది. టీవీకి తగిలించేదీ, చేత్తో పట్టుకునేదీ ఒకటే యంత్రం కాబట్టి నింటెండో స్టూడియోలు క్రమంగా ఆ ఒక్కదానికే పనిచేశాయి. బయటివాళ్లు రాకపోయినా కొనడానికి కారణాలు ఉండేలా చూసుకుంది. లోపల ఎన్‌విడియా టెగ్రా ఎక్స్1 చిప్, పైన బయటి కంపెనీలు చాలావరకు వాడే అన్‌రియల్ 4, యూనిటీ ఇంజిన్ల సపోర్ట్. దాంతో పోర్ట్ ఖర్చు తగ్గింది. ఆ ఏడాది నవంబరులోనే ప్యానిక్ బటన్ అనే స్టూడియో ‘డూమ్’ను తెచ్చింది. సెకనుకు 60 ఫ్రేములు కాస్తా 30 అయ్యాయి, బొమ్మ కాస్త మసకబారింది. అయినా జనం ఆడారు. 2019లో ‘విచర్ 3’ 32 జీబీ కార్డులో మొత్తంగా పట్టింది. ఇప్పటికి స్విచ్ 15 కోట్లు దాటింది. ఇక బతిమాలాల్సిన అవసరం ఏముంది?

కానీ కార్డు ఖర్చు అన్న పాత గొడవ అక్కడా ఉంది. పెద్ద కార్డు ఖరీదు కాబట్టి కొన్ని కంపెనీలు చిన్న కార్డు అమ్మి మిగతాది డౌన్‌లోడ్ చేసుకోమన్నాయి. 2017లో ‘ఎల్.ఏ. న్వార్’ కార్డు కొన్నవాళ్లు కూడా 14 జీబీ దింపుకోవాల్సి వచ్చింది. 2025 జూన్ 5న వచ్చిన స్విచ్ 2లో దీనికి ఒక అధికారిక పేరే వచ్చింది: గేమ్ కీ కార్డు. ఈ కార్డులో గేమ్ ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. గేమ్ మొత్తం నెట్ నుంచి దింపుకోవాలి, ఆడేటప్పుడు కార్డు కన్సోల్‌లో పెట్టే ఉంచాలి. ‘స్ట్రీట్ ఫైటర్ 6’, ‘స్టార్ వార్స్ అవుట్‌లాస్’, ‘ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్’ ఇలాగే వచ్చాయి. ‘సైబర్‌పంక్ 2077’ మాత్రం 64 జీబీ కార్డులో పూర్తిగా వచ్చింది.

దీన్ని పబ్లిషర్ల పిసినారితనం అని కొట్టిపారేయడం నాకు సరైనదనిపించదు. డబ్బు ఒక్కటే కారణం కాదు. అవుట్‌లాస్ తీసిన యూబీసాఫ్ట్ ఇంజినీరు ఒకరు వాళ్ల ఇంజిన్‌కు కార్డు నుంచి డేటా కావలసినంత వేగంగా రావడం లేదని బయటికే చెప్పాడు. గ్రహాలంత పెద్ద లోకాన్ని నడుస్తూ ఉండగానే చదివి తెర మీదికి తేవాలంటే కన్సోల్ లోపలి మెమరీయే దిక్కు. పైగా కీ కార్డును ఆడాక స్నేహితుడికి ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు. డౌన్‌లోడ్ కొంటే అలా అమ్ముకునే వీలు లేదు. కీ కార్డు అనే దారి లేకపోతే ఇందులో కొన్ని గేములు షాపులోకే వచ్చేవి కావు.

అయినా ఒక్క విషయం దాచకుండా చెప్పాలి. డెవలపర్‌కు తప్పిన ఖర్చు మాయమైపోలేదు, మన దగ్గరికి వచ్చింది. స్విచ్ 2లో 256 జీబీ ఉంది. నాలుగైదు పెద్ద గేములకు నిండిపోతుంది. ఆ తర్వాత మామూలు మైక్రో ఎస్‌డీ పనికిరాదు, ఇంకా వేగంగా పనిచేసే ఎక్స్‌ప్రెస్ రకమే కొనాలి. వీటా రోజుల నాటి బాధ మళ్లీ గుర్తొస్తుంది. ఒక తేడా ఉంది: ఈ కార్డును ఎవరైనా తయారు చేయొచ్చు కాబట్టి పోటీ వల్ల ధర దిగే వీలుంది. ఇంకో తేడా ఇంకా పెద్దది. మారియో కార్ట్ కోసమే అయినా జనం కొంటున్నారు, 2025 సెప్టెంబరు చివరికే కోటి దాటింది. ముడి మొదటి పోగు విడిపోయింది కాబట్టి బయటి కంపెనీలు మొదటి ఏడాది అమ్మకాలు అంతంత మాత్రంగా ఉన్నా ఆగి చూడగలవు.

మన దగ్గర స్విచ్‌ను నింటెండో అధికారికంగా అమ్మలేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో స్విచ్ ఉన్నవాళ్లలో చాలామందికి అది అమెరికా నుంచో దుబాయ్ నుంచో వచ్చిన చుట్టాల సూట్‌కేసులోనో, ఇంపోర్ట్ షాపులోనో దొరికింది. మా పెదనాన్న గారి అబ్బాయి డల్లాస్ నుంచి వస్తూ ‘ఏం తెమ్మంటావురా?’ అని అడిగితే నేను గేమ్ పేరు మాత్రమే చెప్పను. ‘అన్నయ్యా, డబ్బా ముందు వైపు అడుగున చూడు. తాళంచెవి బొమ్మతో పట్టీ ఉంటే అందులో గేమ్ లేనట్టు’ అని చెబుతాను. సముద్రం దాటి వచ్చే ఆ చిన్న కార్డులో ఏముందో అక్కడే తెలియాలి. 3డీఎస్ డిజిటల్ స్టోర్‌లో అమ్మకాలు 2023 మార్చి 27న ఆగిపోయాయి. వీటా స్టోర్‌ను 2021లో మూసేస్తామన్న సోనీ, జనం గట్టిగా అడిగాకే వెనక్కి తగ్గింది. నా వీటా కార్డులు మాత్రం డ్రాయర్‌లో ఉన్నాయి. ‘పర్సోనా 4 గోల్డెన్’ కార్డు వేసి ఇవాళ ఆన్ చేసినా, నెట్ లేకుండానే, గేమ్ మొదలవుతుంది.